తాళాలాయన ఇంట్లో టేపు మేడం

మా మేడం ఏ ఇంటికి వెళ్లినా ముందు మనిషిని చూడరు, ఆ మనిషి కూర్చున్న కుర్చీని చూస్తారు. ఎత్తెంత, చేతులున్నాయా, లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు. ఆ తర్వాత గడప చూస్తారు, బాత్రూం చూస్తారు. పలకరింపులు అప్పుడు మొదలవుతాయి. సంచిలోంచి టేపు తీసి ఒక కొస నా చేతికిచ్చి "పట్టుకో తమ్ముడూ" అంటారు. అందుకే మా చుట్టుపక్కల వీధుల్లో అందరికీ ఆవిడ టేపు మేడం.

నేను ఆరోగ్య కేంద్రం వ్యానుకి డ్రైవర్ని. పదకొండేళ్లుగా ఆవిణ్ణి ఇంటింటికీ తిప్పుతున్నాను. వెనక సీట్లు పీకేసి అక్కడ చక్రాల కుర్చీలు, నడవడానికి పట్టుకునే స్టాండ్లు, గోడకి బిగించే కడ్డీలు వేసుకుని పోతాం. ఆవిడ చదివిన చదువు పేరు ఆక్యుపేషనల్ థెరపీ. అది నా నోట తిరగడానికే మూడు నెలలు పట్టింది, అర్థం కావడానికి ఇంకో మూడేళ్లు. మా దగ్గరే ఫిజియోథెరపీ చేసే ఒకాయన ఉన్నాడు. ఆయన పడిపోయిన కాలిని కదిలేలా చేస్తాడు. ఆ కాలేసుకుని వంటింట్లోకి వెళ్లి తన టీ తను పెట్టుకునేలా చేయడం మా మేడం పని. చొక్కా గుండీలు పెట్టుకోవడం, స్నానం చేయడం, సంతకం చేయడం, మనవరాలికి జడ వేయడం, ఇలాంటివే ఆవిడ మందులు.

చాలా ఇళ్లలో ఆవిడకి రోగితో గొడవ ఉండదు, రోగిని ప్రేమించే వాళ్లతోనే గొడవ. "మా నాన్నగారి చేత పుల్ల కూడా తీయించం మేడం" అని ఒకసారి ఒక కొడుకు ఛాతీ విరుచుకుని చెప్పాడు. "అందుకే ఆయనకి చెయ్యి రెండోసారి పడిపోయింది" అన్నారు మేడం. మొదటిసారి జబ్బు చేసి పడిపోయింది, రెండోసారి వాడక పడిపోయిందని ఆవిడ లెక్క. ఆ కొడుకు ముఖం మాడిపోయింది కానీ, నెల తిరిగేసరికి ముసలాయన ఒంటి చేత్తో బనీను తొడుక్కుని మాకు చూపించాడు.

తాళాలాయన సంగతి మొదలైంది పక్కింటివాళ్ల ఫిర్యాదుతో. ఆయనకి వీధి మొగన ఒక చిన్న కొట్టు ఉంది. తాళాలు బాగు చేస్తాడు, మారు తాళంచెవులు చేస్తాడు. కొట్టు మీదే రెండు గదుల ఇల్లు. భార్యాభర్తలిద్దరే ఉంటారు. ఆవిడకి మతిమరుపు జబ్బు ముదిరింది. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి లోపల్నుంచి దబదబా తలుపు బాదుతోందనీ, వినలేకపోతున్నామనీ పక్కవాళ్లు మా కేంద్రానికి ఫోన్ చేశారు.

మేము వెళ్లేసరికి ఆయన మాకోసం తాళం తీసి, మేము లోపలికి రాగానే మళ్లీ వేశాడు. వీధి తలుపుకి తాళం. వంటింటికి తాళం. బీరువాకి తాళం. ఆఖరికి ఫ్రిజ్‌కి కూడా గొలుసు, తాళం. నడుముకి తాళంచెవుల గుత్తి. ఇల్లా, ఖజానానా అనుకున్నాను.

"ఇది నేనే చేశానమ్మా" అని వీధి తలుపు తాళం చూపించాడు ఆయన, గర్వంగా. "దొంగవాడికి కూడా లొంగదు."

"బయటి దొంగ కోసమా బాబాయ్‌గారూ?" అన్నారు మేడం.

ఆయన తాళంచెవుల గుత్తి మళ్లీ నడుముకి దోపుకున్నాడు.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. సన్నగా, నిటారుగా, జుట్టు నున్నగా దువ్వి ఉంది. దువ్వింది ఆయనేనట. చేతులు మాత్రం ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. కింద పరిచిన దుప్పటి లాగుతోంది, ఉండలా చుడుతోంది. ఆయన తీసి మళ్లీ పరుస్తున్నాడు. ఆవిడ మళ్లీ లాగుతోంది.

"రోజుకి ఇరవై సార్లు ఇదే వరస" అన్నాడు ఆయన. "తల ప్రాణం తోకకొస్తోంది. అయినా విసుక్కోనమ్మా. ముప్ఫై ఏళ్లు బయట ఒళ్లు హూనం చేసుకుంది. ఇప్పుడు కాలు కింద పెట్టనివ్వను. కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటున్నాను."

అది అబద్ధం కాదు. గోళ్లు తీసి ఉన్నాయి, బట్టలు శుభ్రంగా ఉన్నాయి. మంచం పక్కన మంచినీళ్లు, పైన మూత.

ఆ ఇంట్లో మా మేడం ఒక తప్పు చేశారు. ఆవిడ తప్పు కూడా చెప్పకపోతే ఇది కథే కాదు. చేతులకి ఏదో ఒక పని కావాలని గ్రహించారు. మరుసటి వారం రంగురంగుల పెద్ద పూసలు, గుచ్చడానికి లావుపాటి తాడు తెచ్చారు. మతిమరుపు ఉన్నవాళ్లకి ఇస్తారట అలాంటివి. పళ్లెంలో పోసి, "పిన్నిగారూ, ఇవి గుచ్చుదామా?" అన్నారు.

ఆవిడ పళ్లెం వైపు చూసింది, మేడం వైపు చూసింది. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని పళ్లెం ఎత్తి విసిరింది. పూసలన్నీ గది నిండా దొర్లాయి. మంచం కిందికి దూరి, నాలుగు కాళ్ల మీద పాకుతూ నేనే ఏరాను. తాళాలాయన నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదటిసారి.

వ్యానెక్కాక మేడం పూసల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఆవిడ ఎవరో కనుక్కోకుండా ఏం చేయాలో చెప్పేశాను తమ్ముడూ" అన్నారు. అంతే. కానీ ఆ కనుక్కోవడం ఆ వారం కూడా జరగలేదు, ఎందుకంటే తాళాల గొడవ మీద పడింది.

మేడం పట్టు ఒకటే. తలుపులన్నీ మూసేసి మనిషిని లోపల కూర్చోబెడితే జబ్బు ఇంకా తొందరగా తినేస్తుంది. ఆయన పట్టు కూడా ఒకటే. "తలుపు తీస్తే పోతుంది. పోతే నాకెవరున్నారు?" మూడు వారాలు సాగింది ఈ బేరం. గ్యాస్‌కి వంటింటి బయట వాల్వు పెట్టించి, వంటింటి తాళం తీయించారు. ఫ్రిజ్ గొలుసు పోయింది. బీరువా తెరుచుకుంది. చివరికి వీధి తలుపు. ఆయన కింద కొట్లో ఉన్నంతసేపు తాళం వేయకుండా, తలుపుకి గంట కట్టేటట్టు ఒప్పందం కుదిరింది. మెట్లు దిగితే ఆయన ముందునుంచే పోవాలి కాబట్టి కనబడకుండా పోదని.

తొమ్మిదో రోజు ఆవిడ వెళ్లిపోయింది.

ఆయన కొట్లో మిషను మీద తాళంచెవి కోస్తున్నాడు. ఆ మిషను గీ పెడుతుంటే గంట కాదు కదా, పిడుగు పడ్డా వినబడదు. తల వంచుకుని పనిచేసేవాడికి ఎదురుగా ఎవరు పోయినా కనబడదు. కోసిన తాళంచెవి ఎవరికో ఇచ్చి, టీ తీసుకుని పైకి వెళ్తే మంచం ఖాళీ.

ఆయన ఫోన్ చేస్తే మేము వెళ్లేసరికి నడివీధిలో నిలబడి ఉన్నాడు. మేడం వ్యాను దిగీ దిగకముందే అరిచాడు. "నా తాళం తీయించింది మీరే! నా మనిషిని నాకు తెచ్చివ్వండి!" కొట్లవాళ్లు, దారినపోయేవాళ్లు మూగారు. ఎవరో ఒకామె, "చదువుకున్నవాళ్లు ఇంతే, సలహా చెప్పి చేతులు దులుపుకుంటారు" అంది.

నేనైతే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. మేడం అనలేదు. "అవును బాబాయ్‌గారూ, నేనే తీయించాను" అన్నారు. "ముందు వెతుకుదాం. ఒక్క మాట చెప్పండి, పిన్నిగారు ముప్ఫై ఏళ్లు ఎక్కడ పనిచేశారు?"

"పెద్దాసుపత్రిలో. బట్టలుతికే విభాగంలో."

"ఎన్ని గంటలకి వెళ్లేవారు?"

ఆయన చెయ్యి నుదుటి మీదికి పోయింది. "రెండున్నర షిఫ్టు" అన్నాడు. అలా అంటూనే ఆయన ముఖంలో రంగు మారింది. రోజూ మధ్యాహ్నం తలుపు బాదుడు ఎందుకో అప్పుడు ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

ఆసుపత్రి అక్కడికి కిలోమీటరున్నర. మధ్యలో రెండు పెద్ద రోడ్లు. తాళాలాయన వెనక, చక్రాల కుర్చీల మధ్య కూర్చున్నాడు, కడ్డీ పట్టుకుని.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర పొడుగాటి షెడ్డు ఉంది. లోపల్నుంచి ఆవిరి, సబ్బు వాసన. ఉతికి ఆరిన దుప్పట్లు నిండిన ట్రాలీలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య మా పిన్నిగారు. చెంగు బిగించి దోపుకుంది. ఎదురుగా ఇద్దరు పడుచు పనివాళ్లు, తెల్లమొహం వేసుకుని నిలబడి ఉన్నారు.

"అంచుకి అంచు కలవాలి" అంటోంది ఆవిడ. "ఇది మడతా? ఇలా మడిస్తే పేషెంటు వీపుకి గీతలు పడవూ?"

ఒక పిల్ల మావైపు తిరిగి గుసగుసగా, "ఎవరండీ ఈవిడ? కొత్త సూపర్‌వైజరా?" అంది.

మేడం దగ్గరికి పోలేదు. గేటు దగ్గరే ఆగి, ఆ చేతులు చూస్తూ నిలబడ్డారు. దుప్పటి రెండు కొసలు పట్టి ఒక్క విదిలింపు. గాలి నిండి పొంగి కిందికి దిగేలోపల సగానికి మడత. గడ్డం కింద నొక్కిపెట్టి, అరచేత్తో రాసి, ఇంకో మడత. చూసుకోవాల్సిన పని కూడా లేదు ఆవిడకి. మంచం మీద ఊరుకోకుండా దుప్పటి పీకిన చేతులేనా ఇవి అనిపించింది.

తాళాలాయన గేటు ఊచ పట్టుకుని ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన అక్కడికి రాలేదట. "అలిసిపోయి ఇంటికొచ్చేది. పనంటే కష్టమనే అనుకున్నాను" అన్నాడు, నాతోనో తనతోనో. "దీనికి ఇంత బాగా వచ్చని నాకు తెలీదు బాబూ."

ఆయన వెళ్లి చెయ్యి పట్టుకోబోతే మేడం ఆపారు. "ఈ ట్రాలీ అయిపోనివ్వండి బాబాయ్‌గారూ."

ట్రాలీ అయ్యాక పిన్నిగారు తనే చేతులు దులుపుకుని, "ఇంక పోదాం, టైమయింది" అని మా వ్యానెక్కింది. ఆ సాయంత్రం ఆవిడ దుప్పటి జోలికే పోలేదని తాళాలాయన చెప్పాడు.

ఆఫీసులో మాత్రం పెద్ద గొడవే అయింది. రోగి తప్పిపోవడమంటే మాటలా? సంజాయిషీ రాయమన్నారు. మేడం రాసిన కాగితం నేను చూశాను, పై అధికారికి ఇచ్చి రమ్మంది నన్నే కాబట్టి. రెండు తప్పులు నావి అని రాసుకున్నారు. మిషను శబ్దంలో గంట వినబడుతుందో లేదో పరీక్షించకపోవడం ఒకటి, ఆవిడ చేసిన ఉద్యోగం ఏమిటని మొదటి రోజే అడగకపోవడం రెండోది.

"మీ మీద మీరే రాసుకోవడం దేనికి మేడం? ఆయన చూసుకోలేదని రాస్తే పోయేదిగా" అన్నాను.

"నా తప్పు నేను రాయకపోతే, తాళం తీయడమే తప్పని వాళ్లు రాస్తారు తమ్ముడూ. అప్పుడు ఇంకే ఇంట్లోనూ తాళం తీయనివ్వరు."

ఆ రోజే మొదటిసారి తన పుట్టింటి సంగతి చెప్పారు. ఆవిడ నాన్నగారికి ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి కుడి చేతి వేళ్లు నాలుగు పోయాయట. అప్పటికి ఈవిడకి ఎనిమిదేళ్లు. అమ్మ ఆయనకి అన్నం కలిపి తినిపించేది, బూట్ల తాళ్లు కట్టేది, పేపరు పేజీ కూడా తిప్పేది. ఒకరోజు అమ్మ బయటికెళ్లినప్పుడు నాన్న ఎడం చేత్తో బఠాణీ కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. గంటకి గుప్పెడు అయ్యాయి. కూతురికి చూపించి నవ్వాడు. అమ్మ వచ్చి, "అయ్యో, మీకెందుకండీ ఈ శ్రమ" అని గిన్నె లాక్కుంది. ప్రేమతోనే.

"పంతొమ్మిదేళ్లు బతికాడు ఆ తర్వాత" అన్నారు మేడం. "మా ఇంట్లోనే చుట్టంలా బతికాడు." "అమ్మ చెడ్డది కాదు. ఎవరూ చెప్పలేదు అంతే" అన్నారు.

ఇంక అసలు పని మొదలైంది. ఆసుపత్రిలో బయటి మనిషిని పెట్టుకోరు. కానీ మా కేంద్రం పక్కనే ముసలివాళ్లు పగటిపూట గడిపే సంరక్షణ కేంద్రం ఉంది. రోజూ అక్కడ యాభై అరవై తువ్వాళ్లు, దుప్పట్లు ఉతుకుతారు. పిన్నిగారిని మధ్యాహ్నాలు అక్కడికి తెచ్చి మడతలు పెట్టిద్దామన్నారు మేడం. అక్కడి సూపర్‌వైజర్ ఎగిరిపడ్డాడు.

"రోగుల చేత చాకిరీ చేయిస్తున్నామని రేపు పేపర్లో వేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. వాళ్లని సుఖంగా కూర్చోబెట్టడమే మా పని."

"సరే" అన్నారు మేడం. "మీరొక్క గంట ఆ హాల్లో వాళ్లతో పాటు సుఖంగా కూర్చోండి. ఫోన్ నాకిచ్చేయండి. ఆ తర్వాత మీరేమంటే అది."

పంతం మనిషి, కూర్చున్నాడు. గోడవారగా వరసగా కుర్చీలు. ఎదురుగా టీవీ, మాట లేదు, బొమ్మే. పక్కన ఒక తాతగారు తన మోకాలి మీద వేలితో గీతలు గీస్తున్నాడు. సూపర్‌వైజర్ కాలు ఊపాడు, చొక్కా దులుపుకున్నాడు, గోడ గడియారం చూశాడు, కిటికీ తెర సరిచేయడానికి లేచాడు. "లేవకూడదు" అన్నారు మేడం. పన్నెండు నిమిషాలు. పదమూడో నిమిషంలో, "నెల రోజులు చూద్దాం. ఆవిడకి ఇష్టం లేని రోజు ఆపేయాలి" అన్నాడు.

"ఆ షరతు నాదే" అన్నారు మేడం.

కిటికీ పక్కన బల్ల వేశారు. మొదటి రోజు సూపర్‌వైజర్ సాయం చేద్దామని ఒక తువ్వాలు మడిచి పెట్టాడు. పిన్నిగారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, విప్పి, మళ్లీ మడిచింది. "కొత్తవాడివా? నేర్చుకుంటావులే" అంది. ఆయన ముఖం చూడాలి!

ఇంటి దగ్గర తాళాలాయన కూడా ఊరుకోలేదు. గంట వినబడలేదన్న మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. పై తలుపు తెరుచుకోగానే కొట్లో, సరిగ్గా తాళంచెవులు కోసే మిషను మీద, ఎర్ర దీపం వెలిగేటట్టు తీగలు లాగి బిగించాడు. మేడం పది సార్లు తలుపు తీయించి, మిషను ఆడించి, పరీక్షించారు. పదకొండోసారి ఆయనే, "చాలమ్మా, తలుపు ఊడిపోతుంది" అన్నాడు. ఆ దొంగకి లొంగని తాళాన్ని ఎవరికో అమ్మేశాడని తర్వాత తెలిసింది.

జబ్బు తగ్గలేదు. తగ్గే జబ్బు కాదు. ఎనిమిది నెలలకి పెద్ద దుప్పట్లు ఆవిడకి లొంగడం మానేశాయి. సగంలో ఆగిపోయి, గుడ్డ చేతిలో పట్టుకుని బెదురుగా చూసేది. మేడం ఒక్క మాట అనకుండా మర్నాటికి దుప్పట్లు తీయించి తువ్వాళ్లు పెట్టించారు. మళ్లీ చేతులు నడిచాయి. ఏడాది దాటాక తువ్వాళ్లు పోయి దిండు గలీబులు. ఆ తర్వాత చేతిరుమాళ్లు. ఆవిడ ఎంత తగ్గితే పని అంత తగ్గేది. ఒక్క రోజు కూడా ఓడిపోయినట్టు అనిపించనివ్వలేదు. ఆ లెక్క ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. వారానికోసారి వచ్చి పది నిమిషాలు ఆ చేతులు చూసేవారు, అంతే.

తాళాలాయన కొట్టు పెందలాడే కట్టేసి వచ్చి బల్లకి అటువైపు నిలబడేవాడు. మొదట్లో ఆవిడ ఆయన్ని తిట్టేది, మడత వంకరని. పోనుపోను ఆయన పేరు మరిచిపోయింది. ఆయన ఎవరో కూడా మరిచిపోయింది. ఆఖరి నెలల్లో ఆవిడ ఒక కొస పట్టుకుంటే ఆయన రెండో కొస పట్టుకుని నడిచి వచ్చి, అంచుకి అంచు కలిపేవాడు. అది చూసి ఆవిడ తలాడించేది. "నా పని మెచ్చుకుంది" అని నాకు చెప్పేవాడు, బడిపిల్లాడు మార్కులు చెప్పినట్టు.

మూడో ఏడు ఊపిరితిత్తులకి జబ్బు చేసి వారంలో పోయింది. మేడం ఆ ఇంటికి వెళ్లి ఆయన పక్కన మెట్ల మీద కూర్చున్నారు. ఆయన, "మీరు తాళం తీయించకపోయుంటే, నేను దాన్ని చూసుకున్నాననుకునే వాణ్ణమ్మా. చూడనేలేదు కదా" అన్నాడు. మేడం తిరిగొచ్చి వ్యానెక్కి బెల్టు పెట్టుకోలేదు. నేనూ బండి తీయలేదు. ఐదు నిమిషాలకి ముఖం తుడుచుకుని, "తర్వాతి ఇల్లు ఎక్కడ?" అన్నారు.

ఆ బల్ల ఇప్పటికీ ఉంది. ఒకరి చోట ఆరుగురు కూర్చుంటున్నారు. మోకాలి మీద గీతలు గీసే తాతగారు లెక్కల మాస్టారట, ఎన్ని మడతపెట్టారో పలక మీద ఆయనే రాస్తాడు. ఈ మధ్య పై ఊరి నుంచి అధికారులు చూడ్డానికి వస్తే, సూపర్‌వైజర్ బల్ల మీద చెయ్యి వేసి, "ఈ ఆలోచన నాకు ఒకరోజు హాల్లో కూర్చుని ఉండగా వచ్చింది" అని చెప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. మేడం పక్కనే ఉన్నారు.

"వింటున్నారా మేడం?"

"హాల్లో కూర్చున్నప్పుడే వచ్చింది కదా, అబద్ధమేముంది?" అన్నారు. ఆవిడ చూపు ఆయన మీద లేదు. కిటికీ పక్కన కొత్తగా చేరిన పొట్టి అవ్వ మీద ఉంది. ఆ అవ్వ భుజాలు పైకెత్తి మడత పెడుతోంది. "ఆవిడ భుజాలు చూడు తమ్ముడూ. బల్ల రెండంగుళాలు ఎత్తు ఎక్కువైంది. అధికారులు వెళ్లగానే వడ్రంగికి ఫోన్ చెయ్యి."